రిపోర్టులో అరుదైన పేరు కనబడితే: అడినోస్క్వామస్ కేన్సర్ గురించి ఒక ఆరోగ్య పాఠం



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి వచ్చే కుటుంబాలు అప్పుడప్పుడు నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి తెచ్చి మా చేతిలో పెడతారు. అది ముక్క పరీక్ష రిపోర్టు. దాని చివర "అడినోస్క్వామస్ కార్సినోమా" అని వ్రాసి ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లవాడు అప్పటికే సెల్‌ఫోన్‌లో వెదికి "చాలా అరుదైనదంట, మొండిదంట" అని చెప్పి ఉంటాడు. ఆ మాటతోనే ఇంటిల్లిపాది ధైర్యం సగం పోయి ఉంటుంది.

ఈ పాఠంలో ఆ పేరుకు అర్థమేమిటో, లక్షణాలు ఎలా ఉంటాయో, ఎంతవరకు నయమవుతుందో వివరిస్తాము. ముందుగా ఒక్క మాట గుర్తుంచుకోండి. పేరు అరుదైనదే గాని దాని లక్షణాలు అరుదైనవి కావు. మన ఇండ్లలో స్త్రీలు సిగ్గుతో దాచుకునే లక్షణాలే అవి. వ్యాధి ఏ దశలో బయటపడింది, వైద్యం మధ్యలో ఆపకుండా పూర్తి చేశారా అన్న రెండు విషయాలే ఫలితాన్ని చాలా వరకు నిర్ణయిస్తాయి.

ఈ పేరుకు అర్థం ఏమిటి?

మన శరీరంలో చర్మం, నోరు, అన్నవాహిక, గర్భసంచి ముఖద్వారం వెలుపలి భాగం వంటి చోట్ల పలుచని పొలుసుల వంటి కణాలు పొరలు పొరలుగా పరచుకొని ఉంటాయి. వీటిలో పుట్టే కేన్సర్‌ను స్క్వామస్ కేన్సర్ అంటారు. జిగురును, ఇతర ద్రవాలను స్రవించే కణాలు వేరే ఉన్నాయి. వాటిని గ్రంథి కణాలు అంటారు. వాటిలో పుట్టేది అడినో కేన్సర్. ఒకే కంతిలో ఈ రెండు రకాలూ కలిసి ఉంటే అది అడినోస్క్వామస్ కేన్సర్.

మన రైతులు వేరుశనగ చేనులో నడుమ నడుమ కంది సాళ్లు వేస్తారు గదా. చేను ఒకటే, పైర్లు రెండు. ఇదీ అటువంటిదే. చేనులో ఒక మూల నుండి పిడికెడు మొక్కలు పీకి చూస్తే కంది కనబడకపోవచ్చు. అలాగే చిన్న ముక్క తీసి పరీక్షించినప్పుడు రెండింటిలో ఒక రకమే కనబడవచ్చు. ఆపరేషన్ తర్వాత మొత్తం కంతిని పరీక్షిస్తే రెండవది బయటపడుతుంది. అందుకే మొదటి రిపోర్టుకు, రెండవ రిపోర్టుకు పేరు మారినంత మాత్రాన డాక్టర్లు తప్పు చేశారని అనుకోవద్దు.

ఈ రకం కేన్సర్ గర్భసంచి ముఖద్వారంలోను, ఊపిరితిత్తిలోను, క్లోమంలోను, పిత్తాశయంలోను, జీర్ణాశయంలోను, ఇంకా కొన్ని చోట్ల రావచ్చు. మన స్త్రీలకు అన్నిటికంటె ముఖ్యమైనది ముఖద్వార కేన్సర్ గనుక ఈ పాఠంలో ఎక్కువ భాగం దాని గురించే చెబుతాము.

గర్భసంచి ముఖద్వారంలో ఎలా వస్తుంది?

ముఖద్వారం వెలుపల పొలుసు కణాలు, లోపలి సన్నని దారిలో గ్రంథి కణాలు ఉంటాయి. ఈ రెండూ కలిసే సరిహద్దు ఒకటి ఉంది. ముఖద్వార కేన్సర్లలో చాలా భాగం ఆ సరిహద్దు దగ్గరే మొదలవుతాయి. నూరు ముఖద్వార కేన్సర్లలో డెబ్బై, ఎనభై స్క్వామస్ రకమే. మిగిలినవి ఎక్కువగా అడినో రకం. రెండూ కలిసిన రకం నూటికి అయిదారుకు మించదు.

1956లో గ్లుక్స్‌మన్, చెర్రీ అనే ఇద్దరు పరిశోధకులు ముఖద్వారంలో వచ్చే ఈ మిశ్రమ కేన్సర్లను వివరంగా వర్ణించారు. సూక్ష్మదర్శినిలో గాజులాగ మసక మెరుపుతో కనబడే ఒక రకాన్ని కూడా వారే గుర్తించారు. దానిని గాజు కణాల కేన్సర్ అంటారు. అది ఈ మిశ్రమ రకంలోనే త్వరగా పెరిగే రూపం. కొంచెం చిన్న వయసు స్త్రీలలో కనబడుతుంది.

కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. పొడిగా హెచ్‌పీవీ అంటారు. ముఖ్యంగా 16, 18 రకాలు ఈ కేన్సర్లకు కారణమవుతాయి. గ్రంథి కణాలున్న కేన్సర్లలో 18వ రకం పాత్ర ఎక్కువ. ఇక్కడ భర్తలకు, అత్తమామలకు ఒక మనవి. ఈ వైరస్ దాంపత్య జీవితం ఉన్న స్త్రీ పురుషులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఎక్కువమందిలో ఒకటి రెండేండ్లలో దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం పోకుండా నిలిచి, పది పదిహేనేండ్లకో ఇంకా తర్వాతో కేన్సర్‌గా మారుతుంది. కాబట్టి ఈ జబ్బును చూపి స్త్రీ శీలాన్ని అనుమానించడం తప్పు. రోగితో కలిసి తింటే, ఒకే ఇంట్లో ఉంటే కేన్సర్ అంటదు. హెచ్ఐవి ఉన్న స్త్రీలకు ఈ కేన్సర్ వచ్చే అవకాశం ఆరు రెట్లు ఎక్కువ గనుక వారు పరీక్షలు తప్పకుండా చేయించుకోవాలి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

ఒక ఉదాహరణ చెబుతాము. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఓపీలో తరచు వినబడే మాటలను కలిపి చెబుతున్నాము.

యాభై దాటిన ఒక తల్లి నడుము నొప్పి అని వచ్చింది. డాక్టరమ్మ అడిగినంత సేపూ నడుము నొప్పే చెప్పింది. బయటికి వచ్చాక నర్సు చెయ్యి పట్టుకొని మెల్లగా అంది: "ముట్లు నిలిచిపోయి ఆరేండ్లాయ సిస్టరమ్మా. మల్లా కనపడ్తాంది. నాలుగు నెల్ల నుంచీ."

"ఇంట్లో ఎవరికైనా చెప్పినావా అమ్మా?"

"ఎవురికి చెప్పేది? కొడుకుకు చెప్పేదా, అల్లునికి చెప్పేదా? కోడలు పిల్ల నవ్వుతాదేమోనని ఊరకుంటి."

ఆ నాలుగు నెలలే మనకు నష్టం. ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా రెండు వారాలు మించి ఆగకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

1. ముట్లు పూర్తిగా నిలిచిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనబడటం. ఒక్క చుక్క అయినా సరే.
2. భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం కనబడటం.
3. ఒక నెలసరికి, మరొక నెలసరికి మధ్యలో రక్తం పోవడం.
4. నీళ్లలాగ గాని, రక్తం కలిసి గాని, దుర్వాసనతో గాని తెల్లబట్ట ఎడతెగకుండా పోవడం.
5. ముదిరిన దశలో నడుము, తొడ నొప్పి, ఒక కాలు వాయడం, మూత్రం తగ్గిపోవడం, బరువు తగ్గడం, రక్తహీనత.

గ్రంథి కణాలున్న ఈ కేన్సర్లలో ఒక చిక్కు ఉంది. కంతి ముఖద్వారం లోపలి దారిలో పెరిగితే బయటికి ముఖద్వారం బాగానే కనబడవచ్చు. పాప్ స్మియర్ పరీక్షలో కూడా కొన్నిసార్లు దొరకదు. కనుక "పోయినసారి పరీక్ష బాగుందన్నారు గదా" అని రక్తస్రావాన్ని అశ్రద్ధ చేయవద్దు. లక్షణం ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.

గర్భసంచి తీయించుకుంటే సరిపోదా?

ఈ ప్రశ్న మన ప్రాంతంలో అందరూ అడుగుతారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల వయసు స్త్రీలలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసివేశారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య నూటికి మూడు మాత్రమే. తెల్లబట్ట, నడుము నొప్పి అని వెళ్లిన స్త్రీని "తీయకుంటే కేన్సర్ వస్తుంది" అని భయపెట్టడం, ఆమె పొలం పనులు పాడు కాకూడదని తొందరపడి ఒప్పుకోవడం మనకు తెలిసినదే.

దీనిలో రెండు నష్టాలున్నాయి. కేన్సర్ లేని స్త్రీకి అవసరం లేని ఆపరేషన్ జరుగుతుంది. కేన్సర్ ఉన్న స్త్రీకి చాలని ఆపరేషన్ జరుగుతుంది. ముఖద్వార కేన్సర్‌కు చేసే ఆపరేషన్ వేరు. గర్భసంచితో పాటు చుట్టూ ఉన్న కణజాలాన్ని, యోని పైభాగాన్ని, లింఫ్ గ్రంథులను కూడా తీస్తారు. ముందు పరీక్ష లేకుండా మామూలుగా గర్భసంచి తీసివేసి, తర్వాత రిపోర్టులో కేన్సర్ అని తేలితే వైద్యం క్లిష్టమవుతుంది. అందుచేత గర్భసంచి తీయాలని ఎవరైనా చెబితే "ముఖద్వారం పరీక్ష చేశారా, రిపోర్టు ఏది?" అని అడగండి. తీసిన తర్వాత ఆ గర్భసంచిని తప్పకుండా ల్యాబుకు పంపమని అడిగి, రిపోర్టు భద్రం చేసుకోండి.

వ్యాధి నిర్ధారణ

డాక్టరు పరికరంతో ముఖద్వారాన్ని చూసి, అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీస్తారు. కొన్నిసార్లు లోపలి దారి నుండి కూడా గోకి తీస్తారు. ల్యాబులో జిగురును చూపే రంగులు, కణాల రకాన్ని తెలిపే ప్రత్యేక పరీక్షలు చేసి రెండు రకాలూ ఉన్నవా అని తేలుస్తారు. ఎంఆర్ఐ, సీటీ స్కాన్ వంటివాటితో కంతి ఎంత పెద్దది, పక్కకు ప్రాకిందా, లింఫ్ గ్రంథులకు చేరిందా అని చూసి దశను నిర్ణయిస్తారు.

మన కుటుంబాలలో కొందరు ఎర్రగుంట్లలో రైలెక్కి వేలూరుకు, పులివెందుల వైపు వారు కదిరి మీదుగా బెంగళూరుకు, మరికొందరు తిరుపతికి వెళతారు. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ముక్క పరీక్ష చేసిన ల్యాబు నుండి గాజు స్లైడ్లను, మైనపు దిమ్మెలను అడిగి తీసుకొని వెళ్లండి. ఇటువంటి మిశ్రమ రకాన్ని రెండవ ల్యాబులో మళ్లీ చూడటం మంచిది. దిమ్మెలు లేకపోతే మళ్లీ ముక్క తీయవలసి వస్తుంది, రోజులు వృథా అవుతాయి.

వైద్యం

మొదటి దశలో, కంతి చిన్నదిగా ఉన్నప్పుడు, పైన చెప్పిన పెద్ద ఆపరేషన్ చేస్తారు. ఈ ఆపరేషన్‌ను పొట్ట కోసి చేసినప్పటికంటె చిన్న రంధ్రాల ద్వారా చేసినప్పుడు కేన్సర్ తిరిగి రావడం ఎక్కువగా ఉందని 2018లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. కాబట్టి ఏ పద్ధతిలో చేస్తారో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

కంతి పెద్దదైనా, పక్కకు ప్రాకినా ఆపరేషన్ కాదు, రేడియేషన్ ప్రధానం. మనవారు "కరెంటు పెట్టడం" అంటారు. బయటి నుండి సుమారు అయిదు వారాలు, వారానికి అయిదు రోజుల చొప్పున ఇస్తారు. దానితో పాటు వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందును సెలైన్‌లో ఎక్కిస్తారు. 1999లో అయిదు పరిశోధనల ఫలితాలు వెలువడిన తర్వాత ఈ జోడు వైద్యం ప్రపంచమంతటా అలవాటైంది. చివరగా లోపలి నుండి ఇచ్చే రేడియేషన్ కొన్నిసార్లు ఉంటుంది. అది లేకుండా వైద్యం పూర్తి కాదు.

2024లో వెలువడిన ఇంటర్‌లేస్ పరిశోధనలో 500 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారిలో మన దేశపు స్త్రీలూ ఉన్నారు. జోడు వైద్యానికి ముందు ఆరు వారాలు వారానికొకసారి కీమో మందులు ఇచ్చిన వారిలో అయిదేండ్ల తర్వాత నూటికి 80 మంది బ్రతికి ఉన్నారు. అలా ఇవ్వని వారిలో 72 మంది ఉన్నారు. మీ ఆరోగ్య స్థితికి ఇది తగునా అని డాక్టరును అడగవచ్చు.

ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. మొత్తం రేడియేషన్ వైద్యం ఎనిమిది వారాల లోపల ముగియాలి. రెండు మూడు వారాలకే చాలామందికి రక్తస్రావం ఆగిపోతుంది, నొప్పి తగ్గుతుంది. అప్పుడు "బాగైపాయ" అని, పత్తి తీతకో, పెండ్లికో, తిరునాళ్లకో ఊరికి వచ్చేస్తారు. అప్పటికి కంతి సగమే చచ్చి ఉంటుంది. మిగిలినది మళ్లీ పెరిగినప్పుడు అదే మోతాదు తిరిగి ఇవ్వడం సాధ్యం కాదు. కాబట్టి వెళ్లే ముందే రెండు నెలలు ఎవరు తోడుంటారు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, పశువులను ఎవరు చూస్తారు అని కుటుంబమంతా కూర్చొని నిర్ణయించుకోండి. రక్తం తక్కువగా ఉంటే ముందే సరిచేసుకోవాలి.

ఖర్చు విషయంలో 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో ఉన్నది, కేన్సర్ వైద్యానికి వర్తిస్తుంది. ఏ ఆసుపత్రిలో, ఏ వైద్యానికి వర్తిస్తుందో బయలుదేరే ముందే పథకం సహాయ కేంద్రంలో కనుక్కోండి.

ఎంతవరకు నయమవుతుంది?

అన్ని రకాల ముఖద్వార కేన్సర్లను కలిపి చూసిన అమెరికా లెక్కల ప్రకారం, కేన్సర్ ముఖద్వారంలోనే ఉన్నప్పుడు కనుగొంటే అయిదేండ్లు దాటి జీవించేవారు నూటికి సుమారు 90 మంది. చుట్టుపక్కలకు, లింఫ్ గ్రంథులకు ప్రాకితే సుమారు 60 మంది. దూరపు అవయవాలకు చేరితే 20 మంది కంటె తక్కువ.

అడినోస్క్వామస్ రకం వీటికంటె అధ్వాన్నమా? తొలి దశలో తేడా చాలా తక్కువ అని కొన్ని పరిశోధనలు, కొంత ఉంది అని మరికొన్ని చెబుతాయి. ముదిరిన దశలో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పుడు గ్రంథి కణాలున్న కేన్సర్లు స్క్వామస్ కంటె వెనుకబడ్డాయి. సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చినప్పుడు ఆ తేడా దాదాపు చెరిగిపోయిందని 2014లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. అంటే ఈ పేరు ఉన్నవారు వారంవారం ఎక్కించే మందును "వాంతులవుతున్నాయి" అని తమంతట తాము మానుకోకూడదు. వాంతులకు మంచి మందులున్నాయి, అడగండి.

పేరు కంటె ఎక్కువగా ఫలితాన్ని తెలిపేవి ఇవి: దశ, కంతి పరిమాణం, లింఫ్ గ్రంథులకు చేరిందా లేదా, ఆపరేషన్‌లో అంచుల వరకు పూర్తిగా తీయగలిగారా, వైద్యం సమయానికి ముగిసిందా. తిరిగి వచ్చే కేన్సర్ ఎక్కువగా మొదటి రెండు మూడేండ్లలోనే వస్తుంది. కనుక ఆ కాలంలో డాక్టరు చెప్పిన ప్రకారం కొన్ని నెలలకొకసారి తప్పక వెళ్లాలి. మధ్యలో కాలి వాపు, విడువని దగ్గు, నడుము నొప్పి, మళ్లీ రక్తం కనబడితే గడువు వరకు ఆగవద్దు.

నయం కాని దశలో ఉన్నవారికి కూడా చేయవలసినది చాలా ఉంది. నొప్పికి మార్ఫిన్ మాత్రలు, దుర్వాసనకు మందు, రక్తస్రావానికి కొద్దిపాటి రేడియేషన్ ఇవ్వవచ్చు. "ఇంక చేసేదేమీ లేదు" అనే మాటను ఇంట్లో ఎవరూ అనకుండా చూసుకోండి.

ఇతర అవయవాలలో

ఊపిరితిత్తిలో రెండు రకాల కణాలూ కనీసం పదేసి శాతం ఉంటేనే ఈ పేరు పెడతారు. విడువని దగ్గు, కఫంలో రక్తం, ఆయాసం లక్షణాలు. క్షయ అనుకొని మందులు వాడుతూ తగ్గకపోతే మళ్లీ పరీక్ష కావాలి. కొందరిలో జన్యు మార్పు పరీక్ష చేస్తే మాత్రలతో వైద్యం సాధ్యమవుతుంది, కాబట్టి ఆ పరీక్ష గురించి అడగాలి. క్లోమంలో పొలుసు కణాల భాగం కనీసం ముప్పై శాతం ఉండాలి. నొప్పి లేని కామెర్లు, బరువు తగ్గడం, వీపులోకి పొడిచే కడుపు నొప్పి దాని గుర్తులు. క్లోమంలోను, పిత్తాశయంలోను ఈ రకం నిజంగానే మొండిది. ఆపరేషన్‌కు వీలైన దశలో దొరికితేనే కొంత ఆశ ఎక్కువ. కామెర్లకు పసరు మందులతో వారాలు గడపవద్దని చెప్పడానికి ఇదొక ముఖ్య కారణం.

రాకుండా చూసుకోగలమా?

ముఖద్వార కేన్సర్ విషయంలో అవును. 9 నుండి 14 ఏండ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయించాలి. అది 16, 18 రకాలను అడ్డుకుంటుంది గనుక ఈ మిశ్రమ రకం నుండి కూడా రక్షణ ఇస్తుంది. మన దేశంలో తయారైన సెర్వావాక్ టీకా 2023లో విడుదలైంది. ఈ వయసు పిల్లలకు ఒక్క మోతాదు కూడా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. ప్రభుత్వం తరఫున మీ ఊరిలో ఎప్పుడు వేస్తారో ఆశా కార్యకర్తను అడగండి.

30 దాటిన ప్రతి స్త్రీ, లక్షణాలు లేకపోయినా, ముఖద్వార పరీక్ష చేయించుకోవాలి. ఇది పెద్ద పట్టణాలకే సాధ్యమనుకోవద్దు. మన పొరుగున తమిళనాడులోని దిండిగల్ జిల్లా పల్లెలలో, అంబిలిక్కైలోని క్రైస్తవ ఆసుపత్రి ఆధారంగా, శిక్షణ పొందిన నర్సులు వెనిగర్ వంటి ద్రావణం పూసి చూసే పరీక్షను ఒక్కసారి చేశారు. అలా పరీక్షించిన గ్రామాలలో ముఖద్వార కేన్సర్ మరణాలు నూటికి 35 వంతులు తగ్గినట్లు 2007లో వెల్లడైంది. అయితే లోపలి దారిలో దాగిన గ్రంథి కణాల మార్పులను ఆ పరీక్ష సరిగా చూపలేదు. వాటికి హెచ్‌పీవీ పరీక్ష మెరుగైనది. అందుబాటులో ఉంటే దానినే కోరండి.

చివరి మాట

మన దేశంలో 2022లో దాదాపు 1,27,000 మంది స్త్రీలకు ముఖద్వార కేన్సర్ వచ్చిందని, దాదాపు 80,000 మంది దానితో మరణించారని అంచనా. వారిలో చాలామంది మొదట రక్తం కనబడిన రోజున ఎవరికీ చెప్పలేదు.

అత్తలారా, మీ కోడండ్రకు ఈ పాఠం చదివి వినిపించండి. కోడండ్రలారా, మీ అత్తను ఒక్కసారి ఒంటరిగా కూర్చోబెట్టి "ఏమైనా కనపడ్తాందా అత్తా?" అని అడగండి. కుమారులారా, తల్లి నడుము నొప్పి అన్నప్పుడు తైలం సీసా కొనిచ్చి ఊరకుండక ఆసుపత్రికి తీసుకొని రండి. స్త్రీల సమాజం కూడినప్పుడు ఈ పేజీని పది నిమిషాలు చదివి మాట్లాడుకోండి. సందేహాలుంటే మా స్త్రీల ఓపీలో సిస్టర్లను అడగవచ్చు. మీరు చెప్పిన మాట మరొకరికి చేరదు.